మూడో గడిలో సున్నా

మేట్టుపాళయం గోదాములో నెట్‌వర్క్ పని చూసే ముకుందన్‌కు కోపం ముక్కు మీదే ఉంటుంది. చెల్లెలు సుగంధి రాసిన నెట్‌వర్క్ ప్రాక్టికల్ పరీక్ష మార్కుల కాగితం ఆ సాయంత్రం అతని చేతిలో పడింది.

"మళ్ళీ చెప్పు. సున్నానా?"

"సున్నానే అన్నా."

"డిజైన్‌లో తొంభై నాలుగు. ట్రబుల్‌షూటింగ్‌లో తొంభై ఒకటి. కాన్ఫిగరేషన్‌లో సున్నా! ఏందిది, మార్కులా, లాటరీనా?"

"ఒక్కో గడిలో యాభై దాటాల. ఒకటి పోయినా ఫెయిలే."

"అది నాకు తెలుసు! తప్పులు చేస్తే ముప్పై వస్తాది, నలభై వస్తాది. సున్నా ఎట్ల వస్తాది? నాలుగు గంటలు ఏమీ చేయకుండా సుమ్మా కూచోనుంటివా?"

"అన్నీ చేసినా. అన్నీ పని చేసె. నా కండ్లతో చూసినా."

"అయితే వాళ్ళదే మోసం. నా కింద మూడేండ్లు పని నేర్చిన పిల్లకు సున్నానా? ఫోన్ ఇయ్యి, ఆ పరీక్ష సెంటర్‌వాణ్ణి..."

"వద్దన్నా."

"ఏందే వద్దు? సోమవారం సర్టిఫికెట్ చూపించకపోతే నీకిస్తామన్న ఆ ఉద్యోగం ఇంకొకరికి పోతాది! నీకు రోషం లేదా?"

"కాఫీ ఆరిపోతా ఉంది, తాగు."

"కాఫీ యాడన్నా పోనీ! నెంబర్ చెప్పు."

"వాళ్ళ తప్పు లేదన్నా. ఆ గడికి మార్కులు వేసే ముందు నెట్‌వర్క్ పెట్టెలన్నీ ఆర్పి మళ్ళీ వెలిగిస్తారంట. సేవ్ చేసిందే నిలుస్తాది."

"నువ్వు... చేయలేదా?"

"చేయలేదు."

"అయ్యో, అయ్యో! ఒక్క మాట కొట్టేదానికి చేతులు పడిపోయినాయా? నిన్నగాక మొన్న చేరినోడు గూడా చేస్తాడే! మర్చిపోయినావా?"

"మర్చిపోలేదు."

"మర్చిపోకుండానే చేయలేదా? ఏ గాడిద నేర్పించినాడే నీకు ఈ బుద్ధి?"

"విడిచిపెట్టన్నా."

"విడవను. వాని పేరు చెప్పు. ఇప్పుడే పోయి అడగతా."

"యాడికీ పోవద్దులే. మూడేండ్లలో ఒక్కసారన్నా నన్ను సేవ్ చేయనిచ్చినావా? ‘నేను చూడకుండా సేవ్ కొట్టొద్దు, నేనే కొడతా’ అని ఎన్ని మొట్టికాయలు వేస్తివి? పరీక్షలో గూడా చెయ్యి ఆడిదాకా పోయింది అన్నా. నువ్వు వచ్చి చూస్తావని ఆగిపోయె."