గుర్రం పలక ఇల్లు

ఓబులమ్మ అని ఒక కోడలు. పెండ్లయి గుట్టకిందపల్లెకి కాపరానికొచ్చింది. మేకలోళ్ల ఇంటి బిడ్డ. పుట్టింట్లో ఉన్నన్నాళ్లూ గుట్టల్లో మేకల ఎంబడి తిరిగిందే గానీ, చేత్తో ముగ్గుపిండి పట్టిన పాపాన పోలేదంట. ఆ ఊర్లో ఒక వాడుక ఉండాది, అది చెప్పకపోతే ఈ కథ మీకు తలకెక్కదు, ఇనండి. ప్రతి ఇంటికీ వాకిలి పైన ఒక చెక్క పలక, దాని మింద ఒక బొమ్మ ఉంటాది. అప్పుట్లో సదువులు యాడియి? ఊరంతా ఒకే తీరు కొట్టాలు. ఎవురిల్లు యాడో చెప్పల్లంటే ఆ బొమ్మే గుర్తు. చేప పలకోళ్లింటికి పోయి రవ్వంత మజ్జిగ తేపో అనేది, తేలు పలకోళ్లకి బిడ్డ పుట్టిందంట అనేది, అట్ల. ఆ పలక ఎవురు చెయ్యల్ల? ఇంటికొచ్చిన కొత్త కోడలే చెయ్యల్ల, వచ్చినాక మొదటి ఉగాది లోపల. వడ్లాయన చెక్క కోసిస్తాడు, అంతే. ఆయన చెయ్యి పెట్టగూడదు, అత్త చెయ్యి పెట్టగూడదు, మొగుడు అసలే పెట్టగూడదు. బాగున్నా బాగలేకపోయినా కోడలి చేతి పనే వాకిలికి. ఇంకొకటుండాది, అసలు తిరకాసు దాంట్లోనే. పలక కొట్టిన మర్నాడు తెల్లార్తో, బయటోళ్లు ఎవురు మొదట చూసి ఏ పేరు పెట్టి పిలిస్తే అదే ఆ ఇంటి పేరు. చేసినామె, కాదమ్మా అది నెమలి అని నెత్తీ నోరూ కొట్టుకోనీ, చూసినోళ్లు కోడి అన్నారంటే కోడే. మళ్లా ఒక కోడలొచ్చి ఇంకో పలక చేసేదాకా వాళ్లు కోడి పలకోళ్లే.

ఇప్పుడు ఈ ఓబులమ్మ అత్త ఉండాదే, సుంకమ్మ, ఆమెది ఏం పలకనుకున్నారు? గాడిద పలక. నవ్వకండి, ఆమె నవ్విచ్చేదానికి చెయ్యలేదు. కొత్త కోడలుగా వచ్చినప్పుడు గుర్రం చేసింది ఆమె. నల్ల గుర్రం. మసి నూరి, తుమ్మబంక కలిపి, ఎంతో పానం పెట్టి చేసింది. చెవులు రవ్వంత పొడుగైనాయి, అంతే. ఆ పొద్దు ఆమె అక్క వెంగమ్మ ఏటవతల ఊర్నించి చుట్టంగా వచ్చి ఉన్నింది. ఆయమ్మకి నోరు ముందు, మనసు ఎనక. తెల్లార్తో వేపపుల్ల నోట్లో పెట్టుకోని బయటికొచ్చి, పలక చూసి, పడీపడీ నవ్వి, ఏమే సుంకీ, గుర్రమంటివి, గాడిదని నిలబెట్టినావే! అనింది. తమాసాకే అనింది అనుకో. అక్క చెల్లెల్ని అనకపోతే ఎవుర్ని అంటాది? కానీ ఏమైందంటే, అప్పుడే నీళ్లకి పోతాండే ఆడోళ్లు కడవలు పట్టుకోని వాకిట్లోనే ఉండారు. ఇన్నారు. ఇంగ చూడు, పొద్దెక్కే తలికి ఊరంతా గాడిద పలకిల్లు. సుంకమ్మ గిర్రున లోపలికి తిరిగింది. పోయి అక్క మూట తెచ్చి అరుగు మింద పెట్టింది, అంతే. ఆయమ్మకీ పౌరుషమే, మూట చంకన పెట్టుకోని ఏరు దాటింది. ఆ దాటడం దాటడమే. ఈమె కడుపున కొడుకు పుట్టినా రాలేదు, ఆమె మొగుడు పోయినా ఈమె పోలేదు. ఆ కొడుకు పెరిగి మీసాలొచ్చినా గాడిదోళ్ల పిల్లోడే ఊరికి. ఆ మాట ఇన్నప్పుడల్లా సుంకమ్మ, అది గుర్రం, గుర్రం అని గొణుక్కునేదంట.

అందుకని కోడలు గడప దాటి లోపలికి కాలు పెట్టీపెట్టకముందే చెప్పింది. అమ్మీ, నేను నిన్ను నీళ్లు తెమ్మనను, పిండి ఇసరమనను. నాకు ఒక్క నెమలి చేసియ్యి. నెమలిని జూసి ఎవురూ గాడిద అనలేరు గదా. నేను సచ్చేలోపల ఈ పేరు పోవల్ల అనింది. ఓబులమ్మ మేకని చూసి ఎన్ని పాలిస్తాదో చెప్పగలదు గానీ, బొమ్మ గీసే చెయ్యా అది? సరే అత్తా అనింది. కొత్త కోడలు ఇంకేమంటాది?

వడ్లాయన కాడికి పోయింది. ఆయన రెండు చెక్కలు చూపిచ్చినాడు. పాపా, ఈ చిన్నది బాగా ఆరిన చెక్క, ఇది ఎత్తుకపో. ఆ పెద్దది పచ్చి వేప, ఎండ తగిలితే పగుల్తాది, మొదటిసారి చేసేదానివి, చిన్నగా చేసుకోమ్మా అన్నాడు. ఈమెకి పెద్దదాని మిందే మనసు. నెమలంటే పింఛం ఉండల్ల గదా, అంత పింఛం ఇంత చెక్కలో యాడ పడతాది? కొత్తగా చేసేటోళ్లకి ఉండే రోగమే అది, చెయ్యి కుదరకముందే పెద్దపని కావల్ల. ఏమ్మే, కథ ఇంటా నువ్వేం మూతి తిప్పుకుంటావు, మొన్న నువ్వు ఏసిన రథం ముగ్గు ఈది దాటి కాలవలోకి పోయింది, అందురమూ చూసినాం. ఓబులమ్మ ఆ పెద్ద చెక్కే నెత్తినేసుకోని వచ్చింది. పెంకుముక్కతో రుద్దింది, ఇసకేసి రుద్దింది, చేతులు బొబ్బలెక్కినాయి. జాజు ఎర్రమట్టి నీళ్లలో కలిపి పూసింది. ఆరినాక చేత్తో తాకితే దుమ్ము రాలినట్లు రాలిపోయింది. బంక కలపల్లని ఎవురు చెప్పినారు ఆమెకి? అత్త చూస్తానే ఉండాది, నోరు తెరవగూడదు. తెరవకుండా ఏం చేసిందంటే, తుమ్మచెట్టు కిందికి పోయి కూచోని, అబ్బా ఈ చెట్టుకి బంక ఎంత కారిందో అని చెట్టుతో చెప్పినట్లు చెప్పింది. చెయ్యి పెట్టగూడదన్నారు గానీ చెట్టుతో మాట్లాడగూడదని అనలేదు గదా! ఓబులమ్మ నవ్వి, బంక తెచ్చి ఉడకేసి కలిపింది. ఈసారి రంగు నిలబడింది. ఈతపుల్ల కొస నమిలి కుంచె చేసుకునింది. బొగ్గుతో గీత గీసి మొదలుపెట్టింది. యాడ మొదలుపెట్టింది? పింఛం కాడ. పింఛం అందం గదా అని, దాన్నే ఏసుకుంటా ఏసుకుంటా పోయింది. చూస్తే సగం పలకకి పైన పింఛమే అయ్యింది. మెడకి తావు లేదు. మెడని ఎనక్కి ఒంచి, తలకాయని ఒక మూలకి ఇరికిచ్చింది. సరే, నెమలి ఎనక్కి చూస్తాంది అనుకుందాం అనుకునింది పాపం.

రేపు ఉగాది అనంగా, రంగు బాగా ఆరల్లని ఎండలో పెట్టింది. వడ్లాయన చెప్పిన మాట అప్పుడు గుర్తుకొచ్చిండాల్సింది, రాలేదు. పొయ్యికాడ పని చేసుకుంటా ఉంటే బయట టప్పుమని శబ్దం. ఉరికొచ్చి చూస్తే చెక్క పైనుంచి కిందిదాకా నిట్టనిలువునా చీలిపోయింది. పింఛం ఒక ముక్కలో, మెడా తలకాయా ఇంకో ముక్కలో. ఓబులమ్మ ఆ రెండు ముక్కలూ ఒళ్లో పెట్టుకోని బోరుమని ఏడ్సింది. మళ్లా చేసేదానికి పొద్దు లేదు. సుంకమ్మ తిట్టలేదు. తిట్టుంటే బాగుండు, ఏడుపు తగ్గుండేది. ఆమె పక్కన కూచోని, లే అమ్మీ, నా చేతి రాతే నీ చేతికీ వచ్చింది, ఏం చేస్తాం, ఉన్నదే కొట్టు అనింది. గాడిద పలక దించి గోడకి ఆనిచ్చి, ఆ రెండు ముక్కలూ పక్కపక్కన పెట్టి ఓబులమ్మే మేకులు కొట్టింది. పచ్చి చెక్క వంకర తిరిగుండాది, ఎంత దగ్గరికి నొక్కినా నడుమ సందు పోలేదు. ఓబులమ్మ దాని దిక్కు చూడలేక కడవ తీసుకోని బాయికి పోయింది.

బాయి గట్టు మింద ఒక ముసలామె కూచోనుండాది. పొద్దున ఏరు దాటి వచ్చిందంట, ఊరంతా తిరిగి తిరిగి కాళ్లు వాచినాయి. అవ్వా, ఎవురింటికి పోవల్ల? అని అడిగింది ఓబులమ్మ. గుర్రం పలక ఇంటికి పాపా, కోడలొచ్చిందంటే చూసిపోదామని వచ్చినా, ఊర్లో ఎవుర్నడిగినా గుర్రం లేదంటాండారు, ఇంగ నేను తిరిగి పోతా అనింది ఆమె. పేరు చెప్పి అడగొచ్చు గదా అంటారు మీరు. ఆమె పేరు చెప్పకపోలేదు. ఆ ఊరి దేవత సుంకులమ్మ, ఈదికి నలుగురు సుంకమ్మలు. ఏ సుంకమ్మ, గాడిద పలక సుంకమ్మా? అని వాళ్లంటే, కాదు, గుర్రం అని ఈమె ముందుకి నడిచేది. పాత గుర్తులన్నా లేవు, వంక పొంగి ఊరంతా మిట్టకి జరిగిండాది. ఓబులమ్మకి గుర్రం అనే మాట చెవిన పడంగానే చేతిలో కడవ అట్లే నిలబడిపోయింది. ఆ పలకని గుర్రం అనే నోరు ఊరు మొత్తానికి ఒకటే, తన అత్తది; ఏటవతల అది గుర్రమని ఎరిగింది అత్త అక్క ఒక్కతే. కడవ దించి, పెద్దత్తా, నువ్వేనా? అని అడిగింది. ముసలామె పైటకొంగు నోటికి అడ్డం పెట్టుకునింది. ఓబులమ్మకి అర్థమయ్యింది. అయ్యో, గాడిద పలక ఉండాదని అందురూ చెప్తానే ఉండారు గదా, అదేనని నీకూ తెలుసు గదా, ఆ ఒక్క మాట అనుంటే పొద్దున్నే ఇంట్లో ఉందువు గదా పెద్దత్తా అనింది. దానికి వెంగమ్మ ఏమనిందో ఇనండి. ఒక్కతూరి అన్నందుకే ఇన్నేండ్లు నా చెల్లెలి మొగం చూడలేదు, ఇంకోతూరి ఆ మాట నా నోట రానిస్తానా పాపా? అనింది.

ఇంటికి పిల్చుకోని పోయింది. సుంకమ్మ వాకిట్లో చాట చేతపట్టుకోని ఉండాది. ఎవురమ్మీ? అనింది. అత్తా, ఈమె గుర్రం పలక ఇల్లు యాడ యాడ అని ఊరంతా అడుగుతా వచ్చింది, ఎవురికీ తెలీలేదు అనింది ఓబులమ్మ. సుంకమ్మ చాట దించి చెంబుతో నీళ్లు తెచ్చింది. కండ్లనుంచి నీళ్లు కారిపోతాండాయి, తుడుచుకోలేదు. కాళ్లు కడుక్కో అక్కా అనింది. అంతే. అంతకన్నా ఏం అనల్ల?

తెల్లారింది. ఉగాది. ఆడోళ్లంతా కడవలు పెట్టుకోని వాకిట్లో తయారు, ఈసారి ఏం పేరు పడతాదో చూద్దామని. వెంగమ్మ లోపల మూలన కూచోని, నేను బయటికి రానంటే రాను, నా నోరు మంచిది కాదు, వాళ్లనే చూడనీ అంటాంది. సుంకమ్మ పోయి ఆమె చెయ్యి పట్టుకోని లేపింది. రా అక్కా, అప్పుడూ నువ్వే అన్నావు, ఇప్పుడూ నువ్వే అనల్ల. ఏమన్నా సరే, నేను పడతా అనింది. ఓబులమ్మ తలుపు ఎనకాల నక్కింది, బతుకంతా మోయాల్సిన పేరు ఆమెదే గదా. వెంగమ్మ గడప దాటి, నడుముకి చెయ్యి ఆనిచ్చుకోని తలెత్తి చూసింది. ఆ వంకర ముక్కల్ని చూసింది, నడుమ సందు చూసింది. చూసి, ఇద్దరు అక్కచెల్లెండ్లు గదమ్మా, చెరొక దిక్కుకి మొగం తిప్పుకోని కూచోనుండారు మొండి ముండలు, ఒకరన్నా రవ్వంత జరిగుంటే ఈ సందు ఉండేదే కాదు అనింది. అందురూ చూసినారు. అవును గదా, ఇది లావుగా ముడుచుకోని కూచున్నామె, అది మెడ తిప్పుకున్నామె అన్నారు. అంతే, అక్కచెల్లెండ్ల పలక అయిపోయింది ఆ ఇల్లు, ఈ పొద్దుటిదాకా.

పాత పలకని పొయ్యిలో పెడతామంటే వెంగమ్మ పెట్టనీలేదు. గుడ్డలో చుట్టుకోని ఏరు దాటిచ్చి తన ఇంటి వాకిలికి కొట్టుకునింది. ఆ ఊర్లో పలకల వాడుకే లేదు. పోయేటోళ్లు వచ్చేటోళ్లు, అవ్వా ఇదేం గాడిద? అంటే, గుర్రం రా, కండ్లు దొబ్బినాయా? అని కట్టె తీసుకోని పైకి లేచేదంట. సచ్చేదాకా కొట్లాడింది ఆ గుర్రం కోసం.

ఇంగ అక్కచెల్లెండ్ల పలక అంటారా, నేనూ చూసినా లేండి. నా కండ్లకి ఒక గుమ్మడికాయా, దాని పక్కన సొట్టపోయిన గరిటే కనపడినాయి, అక్కా లేదు చెల్లెలూ లేదు. అయినా ఆ ఇంటికి దోవ అడగాల్సొస్తే మాత్రం అక్కచెల్లెండ్ల పలక యాడ అనే అడుగుతా. గుమ్మడికాయ అని నేననేది, వాళ్లు నా మూట అరుగు మింద పెట్టేది, నాకెందుకమ్మా ఈ వయసులో ఏరు దాటే పని?