అడుగున మీ అమ్మ బియ్యం

"అమ్మమ్మా, ఈసారి శ్రమల దినాల్ల ఒక్కపొద్దు ఉంటలేవట గదా. రేపు గుడ్ ఫ్రైడే, చర్చికన్న వస్తవా?"

ఎవలు జెప్పిన్రే నీకు, మీ మామనేనా? ఆఁ, ఉంటలేను బిడ్డా. డెబ్బై ఏండ్లు దాటినయ్, నా ఎర్కల ఇదే మొదటిసారి. చిన్నప్పుడు డోర్నకల్ల మా నాయన రైలు పట్టాల మీద పనిజేసేటోడు. మా అమ్మ ఎసరు పెట్టంగనే బియ్యంల పిడికెడు తీసి చిన్న మట్టి గురిగిల ఏసేది, చర్చికని. మేం ఆరుగురం పిల్లలం... కాదు, ఏడుగురం, ఒకడు చిన్నప్పుడే పోయిండు. కిలో బియ్యం రూపాయే గని ఆ రూపాయి ఎక్కడిది? అయినా ఆ పిడికిలి ఆగలె. శ్రమల దినాలొస్తె ఈస్టరు దాంక నలబై దినాలు మధ్యానం తినకపోయేది, ఆ పూట బియ్యం గూడ గురిగిలనే. ఆదివారం చర్చిల పోసొచ్చేది. నాకు గదే అలవాటయింది.

ఏం జెప్తాన్న... ఆ, నిరుడు. మీ అమ్మ దవాఖాన నుంచి సీదా నా కాడికే వచ్చింది గదా. ఇగ ఇంటికి తీస్కపోమన్నరు డాక్టర్లు. నేను ప్రభువుతోని మాట్లాడుకున్న. పొద్దుగూకేదాంక మంచినీళ్లు గూడ ముట్టను, నా ఎస్తేరును లేపు అన్న. అడిగితె తప్పా? ఆమె మంచంల కూసోని, "అమ్మా, నేనెట్లాగూ తింటలేను, నా పూట బియ్యం గూడ ఏద్దాం" అని నవ్వేది. పిడికిలి సక్కగ పట్టకపోయేది, ఏళ్ల సందులకెల్లి గింజలు జారేటియి. ఈస్టరు ఇంక వారముందనంగ, మట్టల ఆదివారం చర్చి అయినంక గూడ ఏసింది. మల్ల ఏయలె. ఈస్టరు పొద్దుగాల సమాధుల తోటల అందరు కొవ్వొత్తులు పట్టుకోని పాడ్తాంటె, మనం కొత్త మట్టి కాడ నిలవడ్డం. యాదుంది గదా నీకు. ప్రభువు లేసిండని పాడిన్రు. నా బిడ్డ లేవలే అని నేను ఏడ్సిన.

చర్చి అయ్యగారొచ్చి ప్రార్థన చేసి పోతాండు, మంచోడే. దేవుని చిత్తమంటడు. ఆ మాటింటె నాకు ఒళ్లు మండుతాంది. ఏసయ్య గూడ సిలువ మీద అడగలేదానె, ఎందుకిట్ల ఇడిసిపెట్టినవని? కొడుక్కే జవాబియ్యలె, నాకేమిస్తడు?

కోపానికి ఒక్కపొద్దు ఇడిసిపెట్టిన. ఇడిసిపెడితె ఏమాయె? మధ్యానం పళ్లెం ముందటేస్కుంటె ముద్ద దిగుతలేదు. తింటనూ లేను, ఒక్కపొద్దూ కాదు. ఎవల లెక్కల వడ్తది ఈ ఆకలి?

గురిగా? అగో, అర్రల ఉంది. ఏడాది సంది చర్చికి ఇయ్యలె. పురుగు వట్టింది. మీ మామ పారేస్త అంటె చెయ్యి ఇరగ్గొడ్త అన్న. ఈ చెయ్యి చూడు, మనసు ఒద్దంటాన్నా ఎసరు పెట్టంగనే పిడికెడు తీసి అండ్లనే ఏస్తాంది. నిండినప్పుడల్లా మీదియి తీసి పిట్టలకు చల్లుతాన్న. నువ్వన్న రేపు తీస్కపోయి చర్చిల... ఒద్దు, ఒద్దు బిడ్డా. మీదిమీదియి తీస్కో. అడుగున మీ అమ్మ ఏసినయ్ ఉన్నయ్, అయి ముట్టకు.

నేను రాను, నువ్వు పో. సల్లగుండు తల్లీ, నా ఆయుస్సు గూడ పోసుకోని బతుకు. పొయ్యేముందు జర ఇంత తిను. నా ముందట కూసోని తిను, నేను చూస్త...