జారుడు సీటు

(దాళ్వా పంట కోతలైపోయిన పొలంలో కార్ల పందెం. టెంటు వెనక, బంపరు విరిగిన ఎర్ర మారుతీ కారు పక్కన.)

"కంగారు పడలేదని చెబుతున్నాను కదండీ! ఎన్నిసార్లు చెప్పాలి?"

"ఆయ్, పడలేదమ్మా. పడ్డావని నేనన్నానా? ముందు ఆ మంచినీళ్లు తాగు ఫణీ."

"మీరు అనలేదు, మైకులో అన్నారు. 'మన అప్పాజీ గారమ్మాయి ఫణిశ్రీ గారు కంగారుపడి స్టీరింగ్ వదిలేశారు' అని. ఊరు ఊరంతా విన్నారు. మా కాలేజీ వాళ్లు విన్నారు. వెనకాల ఎవరో నవ్వారు కూడా."

"మైకు పట్టుకున్నాక ఏదో ఒకటి వాగాలి కదమ్మా. పట్టించుకోకు."

"ఎందుకు పట్టించుకోను? మీరెళ్లి కాదని చెప్పండి వీరబ్రహ్మం గారూ. పొద్దున్న నా కారు చెక్ చేసింది మీరు. అద్దం మీద ఓకే స్టిక్కరు అంటించింది మీరు. 'అమ్మాయి తప్పు లేదు, సీటు బెల్టు ఊడిపోయింది' అని ఒక్క ముక్క చెప్పండి చాలు."

"చెబుదాంలే."

"చెబుదాంలే కాదు, ఇప్పుడు చెప్పాలి. రెండో రౌండుకి పిలిచేలోపు. లేకపోతే నా పేరు తీసేస్తారు. ఈసారికే కాదు, ఇంకెప్పుడూ రానివ్వరు. ఆడపిల్లలొస్తే ఇలాగే ఉంటుందంటారు."

"రెండో రౌండా! ఆ మోచెయ్యి చూసుకున్నావా అసలు? బూరెలా వాచింది."

"చెయ్యి సంగతి నేను చూసుకుంటాను. బెల్టు సంగతి చెప్పండి."

"బెల్టంటే... అదికాదమ్మా, కొత్త కారు సీట్ల మీద ప్లాస్టిక్ కవరు ఉంటుంది చూడు, అది మనవాళ్లు చచ్చినా తియ్యరు. మా షెడ్డుకొచ్చే కార్లన్నీ అంతే. దాని మీద కూర్చుని మలుపు తిప్పితే జారిపోరూ మరి?"

"ఎక్కడుంది ప్లాస్టిక్? చూపించండి. నిన్నే పీకేశాను. అన్నవరం పూజకి తీసుకెళ్లకుండానే తీసేశావని అమ్మ గోల పెట్టినా వినలేదు. జారకూడదనే గోనెసంచి పరిచి, చుట్టూ దబ్బనంతో కుట్టాను. చెయ్యి పెట్టి చూడండి, గీసుకుపోతుంది."

"గోనెపట్టా మంచిదే. బెల్టు వదులుగా పెట్టుకున్నావేమో..."

"వదులా! సీటు బాగా వెనక్కి జరుపుకున్నాను. బెల్టు పెట్టుకున్నాను. ఒక్క గుంజు గుంజి అది పట్టేశాక, అప్పుడు సీటు ముందుకి జరుపుకున్నాను. ఊపిరి సగమే ఆడింది నాకు. మోకాలు డోరుకి తన్నిపెట్టి కూర్చున్నాను. ఇవన్నీ చేసినదాన్ని బెల్టు వదులుగా పెట్టుకుంటానా?"

"ఎవరు నేర్పారమ్మా అంత బాగా?"

"మాట మార్చకండి."

"లేదమ్మా, ఊరికే అడిగాను."

"మోటారు షెడ్డు దగ్గర కుడిపక్కకి తిప్పాను. సగం మలుపు తిరిగానండీ, బాగా తిరుగుతోంది. టక్కుమంది. అంతే, నడుం దగ్గర ఏమీ లేదు. ఎడంపక్క సీట్లోకి వెళ్లి పడ్డాను. స్టీరింగ్ అక్కడ, నేనిక్కడ. వదిలేశానంటారేంటి, అసలు అందితే కదా! ఆ గడ్డిమోపులు అడ్డం లేకపోతే పంటకాలవలో తేలేదాన్ని."

"శివశివా. ఆ మాటనకు."

"ఇదిగో. గోనె కింద దొరికింది. ఏంటండీ ఇది? చెప్పండి."

"బెల్టుని పట్టి ఉంచే బోల్టు."

"విరిగిందా?"

"విరగలేదు."

"మర అరిగిపోయిందా?"

"మర బాగానే ఉంది. చివర కొంచెం నలిగింది, అంతే."

"అంటే ఏంటి? నాకు తెలీదు, మీకు తెలుసు."

"అంటే... చివర చుట్టు మీద నిలబడిందన్నమాట. పూర్తిగా బిగించి లేదు."

"కంపెనీ వాళ్లు బిగించకుండా పంపిస్తారా?"

"ఎందుకు పంపుతారమ్మా."

"మరి పొద్దున్న మీరేం చూశారు?"

"చూశానమ్మా."

"ఏం చూశారు?"

"అన్నీ చూశాను."

"అన్నీ అంటే?"

"బ్రేకులు... బ్యాటరీ... హెల్మెట్టు చూశాను కదా. నీదే కదా ఆ నీలం హెల్మెట్టు?"

"బెల్టు చూశారా లేదా వీరబ్రహ్మం గారూ?"

"అదిగో, మీ నాన్నగారొస్తున్నారు. అప్పాజీ గారండీ! ఇటు, ఇటండీ. ఏం ఫర్వాలేదండీ, అమ్మాయి బాగానే ఉంది."

"ఫణీ! అమ్మడూ! ఏదీ, ఏదీ చూడనీ. తల తగిలిందా? కళ్లు తిరుగుతున్నాయా?"

"నాకేం కాలేదు నాన్నా. నీ చెప్పులేవీ?"

"ఎక్కడో ఊడిపోయుంటాయి. పద, ఇంటికెళ్లిపోదాం పద."

"కోతకొయ్యల్లో వట్టికాళ్లతో పరిగెత్తావా? రక్తం చూడు."

"నా కాళ్లకేమైందిలే. పదమ్మా. అమ్మకేం చెప్పకు. కారిక్కడే ఉండనీ, పాలేరు తోలుకొస్తాడు."

"నేను రాను."

"ఫణీ..."

"రానని చెప్పానా! మైకులో అలా అన్నాక ఎలా వస్తాను? కంగారు పడ్డానంట. స్టీరింగ్ వదిలేశానంట. నువ్వు మూడు నెలలు పక్కన కూర్చుని చూశావు కదా నాన్నా, ఒక్కసారైనా కంగారు పడ్డానా?"

"పడలేదమ్మా. నువ్వెందుకు పడతావు."

"మరి ఈయన్ని అడుగు. సీటు బెల్టు బోల్టు ఊడిపోయింది. ఓకే స్టిక్కరు వేసిన కారులో బోల్టెలా ఊడిందని అడుగు."

"ఊడిపోయిందా?"

"ఇదిగో, చూడు. నాన్నా, కూర్చో. కూర్చో ముందు."

"వద్దు. ఏవండీ వీరబ్రహ్మం గారూ."

"ఆయ్."

"మీరు చూడలేదా?"

"అప్పాజీ గారండీ, ఇప్పుడవన్నీ ఎందుకండీ, పిల్ల క్షేమంగా..."

"చూశారా, చూడలేదా?"

"చూశానండీ. పైపైన చూశానండీ."

"పైపైనంటే? గోనె ఎత్తారా? గోనె ఎత్తి బోల్టుకి స్పానర్ పెట్టారా?"

"పెట్టలేదండీ."

"ఎందుకు పెట్టలేదు?"

"ఎలా పెట్టమంటారండీ? పొలం మీది. పందెం పెట్టుకోండని మీరిచ్చారు. పొద్దున్నే మా క్లబ్బు వాళ్లందరం మీ ఇంట్లో మీ ఇడ్లీలు తిని, మీ కాఫీలు తాగి వచ్చాం. ఇంతా చేసి మీ అమ్మాయి కారు ముందు మోకాళ్ల మీద కూర్చుని, అంత శ్రద్ధగా కుట్టుకున్న గోనెపట్టా పీకి, స్పానర్ పెట్టానే అనుకోండి. అప్పాజీ గారి కారునే నమ్మలేదురా వీడు అనరూ? మొహమాటమేసిందండీ. స్టిక్కరు వేసేశాను."

"మొహమాటమేసిందా!"

"తప్పేనండీ."

"తప్పా? తప్పంటే సరిపోతుందా? నా బిడ్డ కాలవ గట్టుదాకా వెళ్లిందయ్యా! ముందెళ్లిన తెల్ల కారుకి పెట్టావు. ఆ పల్లంరాజు గారబ్బాయి జీపుకి పెట్టావు. వాళ్ల దగ్గర లేని మొహమాటం నా దగ్గరెందుకొచ్చింది?"

"నాన్నా, మెల్లిగా. అందరూ చూస్తున్నారు."

"చూడనీ! కిందటేడు సామర్లకోట పందెంలో నా కళ్లతో చూశాను. ఒకడి బెల్టు బోల్టు కాస్త వదులుగా ఉందని లైన్లోంచి బయటికి తోసేశావు. వాడు కాళ్లు పట్టుకున్నా వినలేదు. వాళ్ల నాన్నొచ్చి తిట్టినా వినలేదు. అబ్బ, మనిషంటే ఇలా ఉండాలి, ఎవరికీ జంకడు అనుకున్నాను. నిన్ను నమ్ముకున్నాను కదయ్యా!"

"క్షమించండి అప్పాజీ గారూ."

"స్పానర్ కూడా అక్కర్లేదు! ఆ గోనె ఓ పక్క ఎత్తి, వేలు పెట్టినా తెలిసేది. వేలితో తిరిగేదయ్యా! చిన్నపిల్లాడు తిప్పినా తిరిగేది!"

"నాన్నా."

"నువ్వుండమ్మా, నన్ను మాట్లాడనీ."

"వేలితో తిరుగుతుందని నీకెలా తెలుసు?"

"ఏంటి?"

"ఆ బోల్టు వేలితో తిరుగుతుందని నీకెలా తెలుసు?"

"నువ్వే చెప్పావు కదా."

"బోల్టు ఊడిందన్నాను. అంతే అన్నాను."

"మరి... వదులుగా ఉంటేనే కదమ్మా ఊడుతుంది. అంచనా వేశాను."

"నిన్న సాయంత్రం గోనె కుట్టేటప్పుడు దాన్ని నేను పట్టుకుని చూశాను. రాయిలా ఉంది. కదల్లేదు."

"ఎండకి... పొలంలో ఆ కుదుపులకి..."

"అప్పాజీ గారండీ, కుదుపులకి అది వదులవదండీ."

"నువ్వు నోరుముయ్యవయ్యా!"

"నాన్నా, నా వైపు చూడు."

"చూస్తూనే ఉన్నాను."

"చూడట్లేదు. వచ్చిన దగ్గర్నించీ నా మోచెయ్యి చూస్తున్నావు, ఆయన్ని చూస్తున్నావు, నన్ను చూడట్లేదు. ఆయన్ని నమ్ముకున్నానన్నావు. దేనికి నమ్ముకున్నావు?"

"పదమ్మా, ఇంటికెళ్లి మాట్లాడుకుందాం."

"దేనికి నాన్నా?"

"వెనక్కి పంపించేస్తాడని."

"ఎవర్ని? నన్నా?"

"పొద్దున్న నువ్వు తలంటుకుంటుంటే... అమ్మ వంటింట్లో వీళ్లకి ఇడ్లీలు వేస్తోంది. గోనె కుట్టు ఓ పక్క రెండు పోగులు తెంపి, దాన్ని కాస్త వదులు చేశాను. మళ్లీ కుట్టేశాను."

"నువ్వా?"

"చూస్తాడు, కుదరదంటాడు, లైన్లోంచి తీసేస్తాడు. ఆయన మీద నువ్వు నాలుగు రోజులు కోపంగా ఉంటావు. అక్కడితో అయిపోతుందనుకున్నాను."

"స్టిక్కరు వేశారు కదా! నేను ఎక్కి కూర్చుంటుంటే పక్కనే ఉన్నావు కదా! హెల్మెట్టు నువ్వే పెట్టావు కదా నాన్నా!"

"స్టిక్కరు చూసి, ఆయనే చూసి బిగించేసి ఉంటాడనుకున్నానమ్మా. నీ దగ్గర ఆ మాట ఎత్తకుండా బిగించేసి ఉంటాడు, మర్యాదస్థుడు అనుకున్నాను."

"అడగొచ్చు కదండీ అప్పాజీ గారూ! బోల్టు చూశావా బ్రహ్మం అని ఒక్కసారి చెవిలో అడగొచ్చు కదండీ!"

"ఏమని అడగనయ్యా? నేనే విప్పాను, నువ్వు బిగించావా అని అడగనా? జెండా ఊపేదాకా అడుగుదాం, అడుగుదాం అనుకుంటూనే ఉన్నాను. ఊపేశారు."

"అమ్మా ఫణీ... నేనెళ్లి మైకులో చెప్పేస్తాను. నేను చూడకుండా స్టిక్కరు వేశానని చెప్పేస్తాను. తప్పు నాదే. మీ నాన్నగారి మాట ఎత్తను."

"మరి బోల్టెవరు విప్పారంటే ఏం చెబుతారు? అందరూ అడుగుతారు కదా. కంపెనీ వాళ్లు విప్పారంటారా?"

"ఏదో ఒకటి..."

"వద్దండీ."

"రెండో రౌండు..."

"నా పేరు తీసెయ్యమనండి. కంగారు పడ్డాననే ఉండనివ్వండి."

"ఫణీ, నేనెళ్లి చెబుతానమ్మా. అందరి ముందూ నేనే చెబుతాను."

"ఎక్కడికీ వెళ్లక్కర్లేదు. నీ పొలంలో, నీ ఊరి జనం ముందు నిలబడి, నా కూతురి బెల్టు నేనే విప్పానని చెబుతావా? చెప్పి రేపట్నించి ఈ ఊళ్లో ఎలా తిరుగుతావు? ఆ చెయ్యి తియ్యి నాన్నా. నా భుజం మీంచి చెయ్యి తియ్యి."

"కొట్టమ్మా. తిట్టు. ఏదైనా అను."

"నాకు డ్రైవింగ్ నేర్పించింది నువ్వు. ఈ పొలం ఇచ్చింది నువ్వు. నా కూతురు నడుపుతుందని ఊరంతా చెప్పుకుని తిరిగింది నువ్వు. భయం ఎప్పుడేసింది?"

"పక్కన కూర్చున్న మొదటిరోజే."

"మొదటిరోజే! అప్పుడే చెప్పొచ్చు కదా!"

"నువ్వు నవ్వుతున్నావమ్మా అప్పుడు."

"వద్దు ఫణీ అని నాతో ఒక్క మాట, ఒక్కటంటే ఒక్క మాట... ఎందుకు అనలేదు నాన్నా?"

"ఏడుస్తావని."