బలిపీఠం అచ్చు

దీవి నుంచి పడవ దిగిన ప్రొఫెసరు, చనిపోయిన తన శిష్యుడి ఇంటి గుమ్మంలో నిలబడ్డాడు. శిష్యుడి భార్య తలుపు తీసింది.

"ఆ దీవిలోది ఎనిమిది వందల ఏళ్ళ బలిపీఠం అమ్మా. దాని మీది బొమ్మలన్నీ అలలు తినేశాయి. మీ ఆయన తీసిన సిమెంటు అచ్చొక్కటే ఇక ఆధారం."

"ఇప్పుడది బలిపీఠమేనా సార్?"

"అప్పుడు పొరబడ్డాను. అచ్చు ఇస్తే పుస్తకంలో ఆయన పేరు వేస్తాను."

"నిండు సభలో దాన్ని బట్టలుతికే బండ అన్నారు. అందరూ నవ్వారు. ఆ తర్వాత ఆయన మంచం దిగలేదు."

"అచ్చు ఉందా, లేదా?"

"పెరట్లో ఉంది. పెద్దవారు, మీ మాట తీసెయ్యలేక రోజూ దాని మీదే ఉతుకుతున్నా."

"అది ఆయన కష్టం కదమ్మా."

"ప్రతి దెబ్బకీ గుర్తొస్తూనే ఉంది."

"ఒక్క గీతయినా మిగిలిందా?"

"వెళ్ళి తడిమి చూసుకోండి. ముందు దాని మీది తడిబట్టలు పిండి దండెం మీద ఆరేయండి."