లోపలివైపు పిడి

హలో… ఆ, నేనేనండి. ఉద్యోగం కాగితం పంపించింది నేనే. సంతకం పెట్టేశారా సార్…

ఓ. ఆయన భార్యా మీరు. నంబరు ఆయనది కదా, ఆయనే అనుకున్నాను… చెప్పండి.

…పూలు అందాయా? సంతోషం. అవును, మీ పుట్టినరోజుకి ఫోన్ చేసింది కూడా నేనే. పాపకి జ్వరం తగ్గిందా అని అడిగిందీ నేనే…

అనుమానమా? దేనికండి?

…లేదు లేదు. కొత్తగా చేరేవాళ్ళని బాగా చూసుకోవడం మా పద్ధతి… అందరినీనా? ఆ… అందరినీ అంటే…

ఒక్క నిమిషం ఉండండి, మెట్ల మీదకి వెళతాను. ఇక్కడ గోడలకి చెవులున్నాయి.

…ఆయాసం ఏం లేదు, దిగుతున్నాను. లిఫ్టు ఉంది గానీ నేనెక్కను. తలుపు మూసుకుంటే నాకు ఊపిరాడదు, చిన్నప్పట్నుంచీ అంతే… నాలుగంతస్తులూ రోజూ మెట్లే. ఆ, ఇప్పుడు చెప్పండి.

…పాత మనిషా? ఫ్రీజర్ గది ఇంతకుముందు చూసుకున్నాయనేనా? ఆయన… సొంత పని మీద మానేశారు. మీ ఆయనకీ అదే చెప్పాను కదా…

…ఏ పిడి?

…ఫ్రీజర్ గది తలుపు పాతది, లోపలివైపు పిడి మాత్రం కొత్తది. పక్కన పాత బోల్టుల చిల్లులు… అంత చూశారా ఆయన. ఇంటర్వ్యూ రోజు ఒక్క మాటైనా అడగలేదే.

…నిద్రపోవడం లేదా. ఎన్ని రోజులుగా?

…పదహారేళ్ళు ఫ్రీజర్ గదుల్లో పనిచేసిన మనిషి. ఆయనకి తెలియకుండా ఎలా ఉంటుంది…

ఉన్నానండి. కట్ చేయలేదు.

…అడక్కండి. మీకు దణ్ణం పెడతాను, అది మాత్రం అడక్కండి. నన్ను చెప్పొద్దన్నారు… ఇప్పటికే ఇద్దరు సరేనని, చేరే రోజుకి మొహం చాటేశారు. ఈ మూడో మనిషి కూడా రాకపోతే నీ దారి నువ్వు చూసుకో అన్నారు మా పెద్దసారు. మనిషి చేజారిపోకుండా ఏమేం చేయాలో లిస్టు కూడా రాసిచ్చారు. వారానికి రెండుసార్లు ఫోన్ చేయి, ఇంట్లోవాళ్ళ బాగోగులు అడుగు, పుట్టినరోజులు గుర్తుపెట్టుకో, పూలు పంపించు… అన్నీ చేశానండి. ఒక్కటీ వదల్లేదు.

…నిజం చెప్పడమా?

అది లిస్టులో లేదు.

…నాకు భయంగా ఉంది అక్కా… కాదు, అక్కా అని పిలవమని ఎవరూ రాసివ్వలేదు. నోటికొచ్చేసింది. కోప్పడకండి.

…సరే. చెబుతాను. నేను చెప్పానని మాత్రం ఎక్కడా అనొద్దు.

పాత పిడి మంచుపట్టి బిగుసుకుపోయింది. ఆ పాత మనిషి లోపల ఉండగా తలుపు మూసుకుపోయింది. సెలవు రోజు, బయట పనివాళ్ళు ఎవరూ లేరు. నలభై నిమిషాలు తలుపు బాదాడట…

బతికాడు. బతికాడు అక్కా. వాచ్‌మన్‌కి వినపడింది. రెండు వేళ్ళ చివర్లు పోయాయి… ఏడవకండి. మీరేడిస్తే నాకూ ఆగదు.

…కొత్త పిడి బాగానే తిరుగుతుందట. ఎవరన్నారంటే… మా పెద్దసారే.

…గంటా? ఉంది. లోపల నొక్కితే బయట మోగాలి. బిగించారు… మోగుతుందా అంటే… వైరు ఇంకా లాగలేదు. రెండు నెలలైంది. ఫైల్లో చూశాను, చూసి మూసేశాను.

…నేనా? ఆ గదిలోకా?

లేదు. ఎప్పుడూ వెళ్ళలేదు. మంచి ఉద్యోగం, మంచి ఉద్యోగం అని రెండు నెలలుగా ఊదరగొడుతున్నాను గానీ, ఆ గడప కూడా తొక్కలేదు… సిగ్గుగానే ఉంది అక్కా.

…పోనీ వద్దని చెప్పేయండి ఆయనకి. నా ఉద్యోగం పోతే పోయింది. ఇంకో మనిషి వేళ్ళు పోతే నేను తట్టుకోలేను.

…ఏమిటీ? పాత చోట మానేస్తానని చెప్పేశారా? ఎప్పుడు?

…నా మాట నమ్మి. ఆ ఖాళీలోకి వేరే మనిషి కూడా వచ్చేశాడా… అయ్యో. ఎంత పని చేశాను.

…చెప్పండి. మీరేం చెయ్యమంటే అది చేస్తాను.

…వైరు లాగించాలి. ఆ, చేతి మీద రాసుకుంటున్నాను. గంట మోగడం ఆయన తన చెవులతో వినాలి. తర్వాత?

…

నేను లోపలికి వెళ్ళాలా.

…తలుపు వేసి. ఆయనా మీరూ బయట. నేనే గంట కొట్టి, నేనే పిడి తిప్పుకుని రావాలి… అప్పుడు సంతకం.

…వింటున్నాను. మెట్టు మీద కూర్చున్నాను.

లిఫ్టే ఎక్కలేనిదాన్ని అక్కా నేను…

…అవును. నిజమే. ఆయన్ని రోజూ వెళ్ళమంటున్నాను కదా.

…సరే. సోమవారం పొద్దున పదింటికి. వెళతాను. నా దగ్గర పల్చటి స్వెట్టరే ఉంది… ఆయన కోటు తెస్తారా? పెద్దదైనా ఫర్లేదు. తీసుకురండి.

…ఉండండి. పైమెట్ల మీద ఎవరో ఉన్నారు.

బూట్లు కనపడుతున్నాయి… ఫోన్ పెట్టేయకండి అక్కా. ఏం మాట్లాడకపోయినా ఫర్లేదు, లైన్లో ఉండండి…

సార్. ఎప్పట్నుంచి నిలబడ్డారు ఇక్కడ?

…

ఆ, నేనే సార్. నేనే చెప్పాను… వేళ్ళ సంగతీ చెప్పాను. గంట సంగతి కూడా.

…తీసేయండి సార్. మీ ఇష్టం. సోమవారం తర్వాత తీసేయండి.

…ఎందుకంటే ఆ రోజు వైరు లాగించి ఉండాలి. లోపల ఉండేది నేను.

…

అక్కా, ఉన్నారా? విన్నారా…

…పెద్దసారు పైకి వెళ్ళిపోయారు. వైరు పని చేసేవాళ్ళ నంబరు నా దగ్గరుంది, ఇప్పుడే నేనే పిలుస్తాను… పెట్టేస్తున్నాను. పదింటికి. కోటు మర్చిపోకండి.