తిప్ప మీది నర్సమ్మలు

"బాపమ్మా, మన తిప్ప మీద అందరికంటె ముందుగాల నర్సు అయింది ఎవలు?" అని అడిగినవు సూడు, గా ముచ్చట చెప్పాల్నంటె మొదలు గోదారి ముచ్చట చెప్పాలె. సోమవారం నువ్వు జగిత్యాల నర్సింగు కాలేజిల చేరబోతున్నవు, నీకు గాక ఇంకెవలకు చెప్త? ఇగో, రికార్డు చేస్తున్న గా ఫోను జర ఇటు జరుపు. నా గొంతు ఇదివరకటి లెక్క లేదు.

గోదారి గీ వెల్గటూరు దిక్కు అచ్చేవరకు రెండు పాయలైతది, ఎర్కే గదా. నడుమ మన తిప్ప. ఎండకాలం ఒక పాయ ఎండుతది, ఇసుకల నడ్సుకుంట అవుతలికి పోతం. వానకాలం అచ్చిందంటె సుట్టూరా నీళ్లే. పడవ నడిస్తె ఊరున్నట్టు, నడవకపోతె లేనట్టు. ఒక యాడాది మీ తాత ముత్యంపేట దిక్కు చెరుకు కొట్టవోయి, వాగులు పొంగి గాన్నే చిక్కువడ్డడు. అయ్యో కాదు కాదు, చెరుకు కొట్టుడు చలికాలంల గదా... నాట్లకు పోయిండు అప్పుడు. దసర పండుగకు గూడ రాలే. నేను ఒక్కదాన్నే బీడీలు చేసుకుంట, మీ నాయినను ఒళ్లె ఏసుకోని... ఆఁ, అది ఏరే ముచ్చట. నర్సు గదా నువ్వడిగింది.

మా తోడికోడలు లచ్చవ్వ ఉండె. నువ్వు సూడలే, నువ్వు పుట్టకముందుటి మనిషి. మస్తు నవ్వేది. దానికి నొప్పులచ్చిననాడు గోదారి నిండుగ పారుతున్నది. పడవాయన "పడవ ఎయ్య వదినా, అందరం మునుగుతం" అని తలకాయ పట్టుకోని ఏడ్సిండు. ఆయన్ననేదేముంది, పిల్లలు గల్లోడే. మంత్రసాని ముసల్ది తనకు చేతనైంది చేసింది. లచ్చవ్వ దక్కలే, కడుపుల పిల్ల దక్కలే. అవుతలి ఒడ్డు మీది దవఖాన తెల్లగోడ మన ఇంటి ముంగటికెళ్లి కనవడుతుండె. కనవడుడే.

గటెన్క సర్కారోళ్లు మనకు రెండర్రల దవఖాన, సబ్ సెంటరు, కట్టిన్రు. అర్రలైతె అచ్చినయి, మనిషి నిలవాలె గదా! ఒక నర్సమ్మ అచ్చింది, పోయింది. ఇంకొకామె అచ్చింది, పోయింది. వాళ్లను నేనేమన బిడ్డా. సంటిపిల్లను సంకల ఏసుకోని గీ నీళ్లల్ల పడవెక్కి రావాల్నంటె నేనైతె అస్తనా?

గప్పుడచ్చింది సుజాత సిస్టరు. కోరుట్లామె. సన్నగ, పొడుగ్గ, కండ్లద్దాలు. పెండ్లిగాలే, చేసుకోను అన్నది. గా సెంటర్లనే ఒక అర్రల వండుకోని ఉన్నది. ఒకనాడు మేం బీడీలు చేస్తుంటె అచ్చి మా నడుమ కూసున్నది. "అక్కా, నేను గూడ ఒకనాడు పోతనే. బదిలీ ఆర్డరు అస్తది, ఆపుడు నా చేతుల ఉండది. మీ పిల్లలల్ల ఒకదాన్ని నర్సు చేయున్రి. గీ నీళ్లల్ల పుట్టినదానికి నీళ్ల భయం ఉండది" అన్నది. మేం నవ్వినం. మన పిల్లలు నర్సులెట్లైతరు అనుకున్నం.

ఆమె నవ్వలే. కల్లుకు తాటిచెట్లెక్కే రాజేశం బిడ్డ స్వరూప మీద ఆమె కన్నువడ్డది. చదువు ఆపి ఇంటికాడ బీడీలు చేస్తుండె గా పిల్ల. ఎవలకన్న దెబ్బ తాకితె సెంటరుకు ఉరికి దూది పట్టుకోని నిలవడేది. నర్సు చదువుకు పంపనీకి రాజేశం ఒప్పుకోడాయె. ఇంటికి పోతె ఉండడు, ఎన్క గుమ్మంలకెళ్లి జారుకుంటడు. సుజాత సిస్టరు ఏం చేసిందనుకున్నవు? తాటివనానికి పోయింది. నేను ఎంటపోయిన. రాజేశం చెట్టు మీద ఉన్నడు.

"రాజేశమన్నా, జర దిగు. మాట్లాడాలె."

"నా బిడ్డ ముచ్చటైతె నేను దిగ."

"అయితె నేను పోను. గీన్నే కూసుంట."

కూసున్నది సూడు, తాటిమట్టల మీద, తెల్లచీర మీద మన్ను పడ్డ సోయి లేదు! పొద్దు నెత్తి మీదికచ్చింది. గాయిన పైన గీసిన గెలనే మల్ల గీసుకుంట, కట్టిన కల్లు లొట్టినే మల్ల కట్టుకుంట పని చేస్తున్నట్టు నటన. ఆడోళ్లం జమైనం, నవ్వు ఆపుకుంటున్నం. ఆఖరుకు పైకెళ్లే అడిగిండు. "అమ్మా, ఆడపిల్లను ఒక్కదాన్ని నీళ్లకవుతల ఎట్ల ఉంచాలె? దానికేమన్నైతె నేనెట్ల పోవాలె దాని కాడికి?"  మా నవ్వు గాడికే ఆగింది.

సుజాత సిస్టరు లేసి నిలవడ్డది. "గదే గదన్నా నేనంటున్నది. గీడ ఎవలకన్న ఏమన్నైతె అవుతలోళ్లెట్ల రావాలె? ఒక్కలన్న ఇవుతల ఉండాలె గదా. నీ బిడ్డ పూచీ నాది. జగిత్యాలల మా చెల్లె ఉన్నది, ఐతారం ఐతారం పోయి సూసస్తది."

దిగిండు. చెట్టెక్కే మోకు విప్పి భుజానేసుకున్నడు. గటెన్క "కల్లు తాగుతవా సిస్టరమ్మా?" అన్నడు. "డ్యూటిల ఉన్నన్నా" అన్నదామె. గట్ల ఒప్పుకున్నడు.

స్వరూప చదువుకుంటుండంగనే సుజాత సిస్టరుకు బదిలీ అచ్చింది, సిరిసిల్ల దిక్కు. సెంటరుకు మల్ల తాళం. చదువైనంక స్వరూపను పట్నం పెద్ద దవఖానోళ్లు రమ్మన్నరని ఊరంత తెలిసింది. ఇగ అదేమస్తది అనుకున్నం. ఒకనాడు నేను బట్టలు పిండుతున్న రేవుల, స్వరూప పడవల పెట్టె పట్టుకోని నిలవడి అస్తున్నది. "ఏమే, సెలవులా?" అన్న. "లేదు పెద్దమ్మా, నౌకరికే. గీడికే ఏయించుకున్న" అన్నది. పిండుతున్న చీర నీళ్లల్ల కొట్టుకపోయింది, నేను సూడనే లేదు.

ఇగ దాని పెండ్లి ముచ్చట ఇను. సంబంధాలు మస్తు అచ్చేటియి. పిల్ల నచ్చుతది, నౌకరి నచ్చుతది, పడవ ఎక్కంగనే మొఖాలు మారుతయి. రాయికల్లోళ్లైతె అన్ని కుదిరినంక "పిల్లను మా ఊరికి బదిలీ చేయించుకుంటం" అన్నరు. గా పిల్ల చాయ గిలాసలిచ్చుకుంటనే చెప్పింది. "నేను రాను. మీ కొడుకే గీడికి రావాలె." వాళ్లు చాయ తాగకుంటనే లేసిన్రు. రాజేశం నెత్తి కొట్టుకున్నడు. గప్పుడు ఊరోళ్లం అందరం పెండ్లిళ్ల పేరయ్యలమైనం! యాడ పోయినా "తిప్ప మీద ఉండే పిలగాడున్నడా?" అని అడుగుడే. గట్ల అడుగుతుండంగ, మోటరు వైండింగు చేసే శ్రీనివాసు పొలం మోటరు బాగుచెయ్యనీకి అచ్చిండు. మేం సగం నవ్వులాటకు అడిగితె, గాయిన "మోటర్లు యాడైనా కాలుతయి గదా. నాకు యాడైనా పనే" అన్నడు. గంతే! పెండ్లినాడు పడవకు మామిడాకులు కట్టినం.

పెండ్లైనంక అచ్చిన వానకాలమే. గాజులమ్మే ఖాదర్ పెద్దబిడ్డ కాన్పుకు తల్లిగారింటికి అచ్చింది. అవుతలికి తీస్కపోదాం అనుకునేలోపట్నే గోదారికి వరద అచ్చింది, పట్టపగలు, సూస్తుండంగనే. పడవ బంద్. నాకైతె లచ్చవ్వనే యాదికచ్చింది. స్వరూప అచ్చింది. పిల్ల మంచిగనే పుట్టింది, ఏడ్సింది గూడ. గాని తల్లికి నెత్తురు ఆగుత లేదు. స్వరూప సూదిచ్చింది, పొట్ట మీద చెయ్యేసి అదుముడు పట్టింది. సెలైను సీసా ఖాదర్ చిన్నబిడ్డ నసీమా చేతికిచ్చి "పైకి పట్టుకో, దించకు" అన్నది. ఒక చెవుకు ఫోను, అవుతల డాక్టరమ్మ చెప్తున్నది, ఇది "మేడం, చేస్తున్న. మేడం, జర తగ్గింది" అంటున్నది. దాని మొఖం మీది చెమట నేను కొంగుతోటి తుడిసిన. "పానమున్నదా బిడ్డా?" అన్న. "ఉన్నది పెద్దమ్మా. యాడికి పోనియ్య" అన్నది.

మాపటికి మోటరు పడవ అచ్చి తీస్కపోయేవరకు నెత్తురు ఆగింది. తల్లి పిల్ల ఇద్దరు దక్కిన్రు. ఖాదర్ ఒడ్డు మీద కూసోని ఏడ్సిండు, రాజేశం ఆయన పక్కన కూసున్నడు. ఏం మాట్లాడుకున్నరో ఎర్కలే గాని, మల్ల యాడాది నసీమాను నర్సింగు కాలేజిల ఏసెటందుకు ఇద్దరు కలిసి పోయిన్రు.

గట్ల మన నర్సమ్మలు పెరిగిన్రు బిడ్డా. నసీమా గిప్పుడు స్వరూప తోటే సెంటర్ల ఉన్నది. మన వాడకట్టు పిల్ల సిరిసిల్ల దవఖానల నెత్తురు పరీక్షలు చేస్తది. ఇంకొకామె కోరుట్లల. మొన్న నా కండ్ల ఆపరేషనుకు మీ తాత నేను పోతె దవఖాన గేటు కాన్నే "పెద్దబాపూ, ఇటు రాన్రి" అని మీ తాత చెయ్యి పట్టుకున్నది మన పిల్లనే. నేనొకపారి స్వరూపను అడిగిన, "అందరు బయటికే పోతున్నరు, నీకు రంధి, దిగులు లేదా?" అని. "పోనీ పెద్దమ్మా, జబ్బులు గాడ గూడ ఉన్నయి గదా. ఒక్కరో ఇద్దరో మల్లస్తరు, సాలు" అన్నది. సుజాత సిస్టరు రిటైరైంది. మోకాళ్ల నొప్పులైనా ఏటా ఒకపారి పడవెక్కి అస్తది. అచ్చి సెంటర్ల కుర్చీల కూసోని ఊకె సూస్తది, గంతే. ఏం మనిషో!

ఇగ నువ్వు. గట్ల కండ్లల్ల నీళ్లు తీసుకోకు. నువ్వు మల్లస్తవో, యాడనో స్థిరపడ్తవో, నేనడగ. మీ నాయిన అడిగితె అడగనీ. నెత్తురు సూసి భయమైతె కానీ, అందరికైతదట, స్వరూపనే చెప్పింది. గాని మంచంల ఉన్న మనిషి పిలిస్తె మాత్రం తల్లీ, యాడున్నా "అస్తున్న" అను. అనుకుంట నడువు. గా మాట ఇంటె సగం పానం తేరుకుంటది మనిషికి... సల్లగుండు బిడ్డా. నీ చెయ్యి సల్లగుండాలె...