నిద్రపోని మనిషి

ఇళ్ళల్లో, ఆఫీసుల్లో పనిచేసే ఆడవాళ్ళ సంఘం అది. ఆ గదిలో ఫోను చెవికి ఆనించుకుని పెద్దావిడ పొద్దుటి నుంచీ ఒకే పాట వింటోంది. ఎట్టకేలకు నడక పోటీ వాళ్ళ సహాయ కేంద్రంలో ఒక మనిషి గొంతు దొరికింది. దొరికినవాణ్ణి వదలకూడదని ఆవిడ గట్టిగానే పట్టుకుంది.

"మీకొచ్చిన మెసేజీలో దొంగలని ఎక్కడా రాయలేదు మేడమ్. 'అనుమానాస్పద నడక' అని రాశాం, అంతే."

"రెండింటికీ తేడా ఏంటి బాబూ?"

"అది మనిషి రాసింది కాదు మేడమ్. మెషినే దానంతటది పంపుతుంది."

"మెషినుకి మా మీద కోపమేంటి?"

"కోపం కాదు. మీ ఖాతాలో ఉన్న మనిషి నెలంతా నిద్రపోలేదు."

"ఆఁ?"

"పొద్దున నడిచింది, మధ్యాహ్నం నడిచింది, అర్ధరాత్రి నడిచింది, తెల్లవారుజామున మళ్ళీ మొదలుపెట్టింది. ఒక మనిషి అట్లా నడవగలదా? మీరే చెప్పండి."

"ఒక మనిషి కాదని కదా ఇందాకట్నుంచి మొత్తుకుంటున్నా! ఫోను ఒక్కటి. మనుషులు చాలామంది."

"అదే కదా మేడమ్ తప్పు."

"అందులో తప్పేముంది?"

"ఒక ఫోనుంటే ఒక మనిషి. అది రూలు."

"మా దగ్గర ఏదైనా ఒకటే ఉంటుంది బాబూ. ఒకటే గొడుగు, ఒకటే ఇస్త్రీపెట్టె, ఒకటే పెద్ద ఫోను. ఎవరికి పనుంటే వాళ్ళు తీసుకెళ్తారు. మిగతావాళ్ళవన్నీ బటన్ ఫోన్లు. వాటికి మీ నడక లెక్క ఎక్కదుగా?"

"ఎక్కదు మేడమ్."

"మరి? పొద్దున్నే పాలు వేసే ఆవిడ దీన్ని నడుముకి కట్టుకుని వెళ్ళేది. ఆవిడ రాగానే ఆఫీసులు ఊడ్చే ఆవిడ. సాయంత్రం మా మరదలు, నాలుగిళ్ళ వంట. రాత్రికి ఆసుపత్రి ఆయా. చెమట తగలకుండా గుడ్డసంచి కూడా కుట్టించాం దీనికి."

"అంటే రిలే పరుగులాగా..."

"పేరేదైనా పెట్టుకో. వాళ్ళు రోజూ నడిచే నడకే అది. కొత్తగా నడిచింది కాదు. ఇన్నాళ్ళూ ఊరికే పోయేది. ఈసారి మా నడక కూడా లెక్కలోకొచ్చిందని ఎంత సంబరపడ్డామో నీకేం తెలుసు! ఎక్కువ నడిచిన సంఘానికి కంప్యూటర్లిస్తాం, ఏడాదంతా నెట్టు ఇస్తాం, నేర్పడానికి మనిషిని కూడా పంపుతాం అన్నారు. అన్నారా లేదా?"

"అన్నాం మేడమ్."

"అందరికంటే ముందున్నామా లేదా?"

"ఉన్నారు. మీ దరిదాపుల్లో కూడా ఎవరూ లేరు."

"మరింకేం?"

"మేడమ్, నాకు అర్థమైంది. నిజంగా అర్థమైంది. కానీ నాకు అర్థమైతే సరిపోదు కదా."

"ఎవరికి అర్థం కావాలో చెప్పు, వాళ్ళతోనే మాట్లాడతా."

"మాట్లాడ్డానికి లేదు. అభ్యంతరం పెట్టాలి. ఇవాళ సాయంత్రంలోగా, మా వెబ్‌సైట్లో."

"పెడతా. ఎక్కడ నొక్కాలో చెప్పు."

"అది ఫోన్లో తెరుచుకోదు మేడమ్. కంప్యూటర్లోంచే పెట్టాలి."

"ఏంటన్నావ్?"

"కంప్యూటర్..."

"కంప్యూటర్లు లేవనే కదా బాబూ ఇంత నడక నడిచింది!"

"తెలుసు మేడమ్."

"తెలిసే అడుగుతున్నావా?"

"అడిగేది నేను కాదు. పద్ధతి అలా పెట్టారు. దగ్గర్లో ఎవరైనా... నెట్ సెంటర్ లాంటిది..."

"మూల మీద ఒకటుంది. మా బతుకంతా అతని చేతుల్లోనే ఉంది. పింఛను దరఖాస్తుకి అతను, ఆసుపత్రి చీటీకి అతను, పిల్లల బడికి అతను. అతనికి తీరికున్న రోజే మాకు జ్వరం రావాలి. మా ఆయా పింఛనుకి ఎవరో మగాయన ఫోటో పెట్టి పంపాడు. ఆవిడ అక్కడ ఇప్పటికీ మీసాలతోనే ఉంది."

"అయ్యో!"

"నవ్వొస్తే నవ్వు, ఫర్వాలేదు. మేమూ నవ్వుకున్నాం. పింఛను రాకపోయేసరికి నవ్వు ఆగిపోయింది. అందుకే మనకి మనమే నేర్చుకుందాం అనుకున్నాం. ఇవాళ అతను షాపు మూసేసి పెళ్ళికెళ్ళాడు."

"మేడమ్, మీ గొంతు తెగిపోతోంది. కాస్త లేచి కిటికీ దగ్గరికి రండి."

"మా మరదలు వచ్చాక వెళ్తా."

"కిటికీ దగ్గరికి వెళ్ళడానికి మరదలెందుకు?"

"అలవాటైపోయింది. నువ్వు చెప్పు, నాకు వినపడుతోంది."

"ఇంతకీ ఖాతాదారు మీరేనా?"

"నేను సంఘం పనులు చూస్తుంటా. వచ్చిన మెసేజీలు చదివేది నేనే, జవాబులిచ్చేది నేనే."

"అది కాదు, ఖాతా ఎవరి పేరు మీద ఉందో ఆవిడ..."

"ఉంది. ఇక్కడే ఉంది."

"ఒకసారి ఆవిడకి ఇవ్వండి."

"నేను మాట్లాడుతున్నాగా."

"ఆవిడతోనే మాట్లాడాలి మేడమ్."

"ఆవిడ మాట్లాడాల్సింది కూడా నేనే మాట్లాడతా. నువ్వు కానీ."

"ఆవిడ నడిచింది కదా? ఆ నడిచినవాళ్ళలో ఆవిడ కూడా ఉంది కదా?"

"వినపడట్లేదు బాబూ."

"ఇందాక వినపడుతోందన్నారు!"

"ఇప్పుడు పోయింది. సరే విను. మమ్మల్ని ఓడించేస్తే ఓడించెయ్. కంప్యూటర్లు ఇంకొకరికిచ్చినా ఏడ్చి ఊరుకుంటాం. కానీ ఆ మాట తీసెయ్యాలి. తెల్లారకముందు లేచి నాలుగు మెట్లకొకసారి మోకాళ్ళు పట్టుకుని ఎక్కే ఆడవాళ్ళని పట్టుకుని అనుమానం అంటే ఎలా? నాకు చాలా బాధగా ఉంది బాబూ."

"మేడమ్... ఒక పని చేస్తా. లైన్లోనే ఉండండి. మా సార్‌ని అడిగొస్తా. పెట్టెయ్యకండి."

పాట మళ్ళీ మొదలైంది. అంతలో తడి చేతులు కొంగుకి తుడుచుకుంటూ మరదలు గదిలోకి వచ్చింది.

"వదినా, ఇంకా దాన్తోనే ఉన్నావా? ఏమంటున్నాడు?"

"అడగడానికి వెళ్ళాడే. మంచివాడే పాపం. చేతిలో ఏమీ లేదు."

"మనకి తగిలే మంచివాళ్ళెవరి చేతిలోనూ ఏమీ ఉండదేంటో! ఇటివ్వు, నేను మాట్లాడతా."

"నువ్వు మాట్లాడితే రెండో మాటకే పెట్టేస్తాడు."

"పేరు సంగతి అడిగాడా?"

"అక్కడికే వచ్చాడు."

"చెప్పేశావా?"

"లేదు."

"చెప్పకు వదినా. నీకు దణ్ణం పెడతా, చెప్పకు."

"ఎన్నాళ్ళు దాస్తామే! ఆయా వచ్చిందా?"

"వచ్చింది. బయట మెట్ల మీద కూర్చుంది. కంప్యూటర్ల మీద కప్పడానికి తెల్లగుడ్డలు కుట్టి తెచ్చింది. అంచుల వెంట పూలు కూడా వేసింది."

"ఎప్పుడు కుట్టిందే?"

"డ్యూటీలోనే, రోగులు పడుకున్నాక. 'నేను రాత్రిపూట నడవబట్టే కదా పట్టుబడ్డాం, నేనొక్కదాన్ని ఊరుకునుంటే అయిపోయేది' అని ఒకటే ఏడుపు."

"లోపలికి రమ్మనవే."

"మొహం చూపించలేనంటోంది."

"అది మొహం చూపించలేని పనేం చేసిందట! ఉండు ఉండు, వచ్చాడు."

"మేడమ్, ఉన్నారా?"

"ఎక్కడికి పోతాను బాబూ."

"మా సార్ ఒప్పుకున్నారు!"

"ఏంటీ?"

"ఒప్పుకున్నారు మేడమ్! రూలు ప్రకారమైతే కుదరదు. కాళ్ళావేళ్ళా పడ్డాను. మిగతావాళ్ళ నడక కొట్టేస్తారు, దానికి ఏమీ చెయ్యలేం. కానీ ఖాతాదారు తను నడిచినంత మేరకు ఉంచేస్తామన్నారు. ఆ కాస్త ఉన్నా చాలు, మీరే గెలుస్తారు."

"ఆవిడ నడిచినంత..."

"ఎంత నడిచిందో ఆవిడే చెప్పొచ్చు, నమ్ముతాం. ఆ మెసేజీ కూడా వెనక్కి తీసుకుంటాం. చిన్న పరీక్ష ఒక్కటే. వీడియోలో మొహం చూపించాలి, ఖాతాలో ఫోటోతో సరిపోవాలి. తర్వాత ఎవరైనా ఫోను పట్టుకుంటే, ఆవిడ ఈ గోడ నుంచి ఆ గోడ దాకా నడవాలి. అంతే."

"ఊఁ."

"ఊఁ ఏంటి మేడమ్? సంతోషంగా లేదా?"

"ఉంది బాబూ. చాలా సాయం చేశావ్. నీ మేలు మర్చిపోను. అయితే... వేరే పరీక్ష ఏదైనా ఉందా? ఏదైనా చదివి వినిపించడం లాంటిది? రాసి చూపించడం?"

"ఇది నడక పోటీ కదా మేడమ్."

"అవును. అవునవును."

"నేను నడుస్తా వదినా! కొంగు కప్పుకుని నేను నడిచేస్తా!"

"ఎవరు మేడమ్ అది?"

"మా మరదలు. దాని మాటలు పట్టించుకోకు."

"మొహం సరిపోవాలి మేడమ్, ముందే చెప్తున్నా. సార్ మీటింగుకి వెళ్ళిపోతారు, అందుకే ఇప్పుడే చెయ్యాలి. మీరు పెట్టేసిన వెంటనే వీడియో కాల్ వస్తుంది. ఎత్తకపోతే ఇంక నేనేం చెయ్యలేను. ఆవిడ్ని సిద్ధంగా ఉంచండి. ఉంటాను."

"వదినా, పెట్టేశాడా?"

"పెట్టేశాడు."

"ఎత్తకు వదినా."

"ఎత్తకపోతే నిజంగానే దొంగలం అయిపోతాం."

"ఎత్తితే?"

"ఏమోనే. నాకేం తోచట్లేదు. నా జుట్టు సరిగ్గా ఉందా?"

"జుట్టు సంగతి ఇప్పుడా!"

"ఫోటోలో దువ్వుకునే ఉన్నా. ఆయాని లోపలికి రమ్మను. ఏం జరిగినా అందరం ఇక్కడే ఉందాం. అదుగో, మోగుతోంది. నువ్వు పట్టుకో ఫోను. నా మొహం కనపడేలా పట్టుకో."

"ఇట్లానా వదినా?"

"రెండు చేతుల్తో పట్టుకో. నొక్కు, ఆ పచ్చది."

"హలో మేడమ్! ఆఁ, కనిపిస్తున్నారు. అరె, ఫోటోలో ఉన్నది మీరే! ఇందాకట్నుంచి నేను మాట్లాడింది మీతోనేనా? ముందే చెప్పొచ్చు కదా మేడమ్!"

"చెప్దామనే అనుకున్నా బాబూ."

"హమ్మయ్య! నేనింకా ఆవిడ ఊళ్ళో లేదేమోనని భయపడ్డా. సార్ కూడా నా పక్కనే ఉన్నారు, చూస్తున్నారు. సరిపోయింది సార్, మొహం సరిపోయింది. ఇంక లేవండి మేడమ్. ఆ గోడ దాకా వెళ్తే అయిపోయినట్టే. లేవండి."

"ఫోను ఇంకాస్త కిందికి దించవే... ఏడవకు, బొమ్మ వణుకుతుంది. బాబూ, ఈ కుర్చీ చక్రాలు కనిపిస్తున్నాయా? ఇవి తిరిగితే అడుగుల లెక్కలో వేసుకుంటారా?"